రామ్ 2500కి టర్బో మార్చాలనుకుంటున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి, నీ మేనమామ ఆశీర్వదించి వ్రాయునది.

నీ 2006 డాడ్జ్ రామ్ 2500 పికప్ ట్రక్కుకి పెద్ద టర్బో వేయించాలని ఉందనీ, ఏ సైజు కొంటే మంచిదనీ అడిగావు. సైజు సంగతి చెబుతాను గాని, ముందుగా ఆ బండితో నీకున్న పనేమిటో తేల్చుకో. వేసవిలో ట్రావెల్ ట్రైలర్ తగిలించుకుని డాలస్ నుంచి కొలరాడో కొండలకు వెళ్లిరావడమే అసలు పని అయితే, దుకాణాలవాళ్లు చూపించే పెద్ద పెద్ద హార్స్‌పవర్ అంకెలతో నీకు నిమిత్తం లేదు. నీకు కావలసింది ఘాట్ ఎక్కుతున్నప్పుడు ఇంజిన్‌ను చల్లగా ఉంచే టర్బో.

ఎగ్జాస్ట్ వాయువు టర్బైన్ చక్రాన్ని తిప్పితే, దానితోపాటే తిరిగే కంప్రెసర్ చక్రం గాలిని ఇంజిన్‌లోకి ఒత్తుతుంది; అదే టర్బో. అది ఇచ్చేది గాలి మాత్రమే, బలం వచ్చేది డీజిల్ వల్ల. నీ 5.9 లీటర్ల కమిన్స్ డీజిల్ ఇంజిన్ ఫ్యాక్టరీ నుంచి 325 హార్స్‌పవర్, 610 పౌండ్-ఫుట్ టార్క్‌తో వచ్చింది. ట్యూనింగ్ (ఇంధనం ఎంత పోవాలో కంప్యూటర్‌లో చేసే అమరిక) గాని, డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు గాని మార్చకుండా టర్బో ఒక్కటే మారిస్తే బలం ఇంచుమించు అక్కడే ఉంటుంది. బరువు లాగేటప్పుడు ఎగ్జాస్ట్ వేడి, పొగ తగ్గుతాయి. ఆ మాత్రానికే ఇంత డబ్బా అని నీకు అనిపించవచ్చు. నన్నడిగితే, ట్రైలర్ లాగే బండికి అదే అసలు లాభం.

ఇక సైజు. నీ బండికి ఫ్యాక్టరీవాళ్లు బిగించినది హోల్సెట్ హెచ్‌ఈ351సీడబ్ల్యూ. దాని స్థానంలో ఎక్కువమంది వేసుకునేది బోర్గ్‌వార్నర్ ఎస్300 తరగతి టర్బో. అందులో కంప్రెసర్ చక్రం గాలి లాగే వైపు 62 లేదా 63 మిల్లీమీటర్లు ఉన్నది నీకు సరిపోతుంది. 66, ఆపైన ఉన్నవి పరుగు పందాలవాళ్లకు. చక్రం పెరిగినకొద్దీ అది తిరగలిలాగా మొదట కదలడానికే బలం అడుగుతుంది. సిగ్నల్ దగ్గర ట్రైలర్‌తో ఆగి మళ్లీ బయల్దేరేటప్పుడు బూస్ట్, అంటే టర్బో ఒత్తి పంపే గాలి ఒత్తిడి, అందక, నల్లపొగ చిమ్ముతూ, వేడి పెంచుకుంటూ పోవలసి వస్తుంది. కంప్రెసర్ చక్రాన్ని చూసి మురిసిపోయి ఎగ్జాస్ట్ వైపు హౌసింగ్‌ను, అంటే టర్బైన్ చక్రం చుట్టూ ఉండే గుల్లను, మరచిపోకు. అది మరీ పెద్దదైతే చిన్న కంప్రెసర్ ఉన్నా బండి బద్ధకంగానే కదులుతుంది. మరీ చిన్నదైతే సిలిండర్ల నుంచి వాయువును టర్బోకు చేర్చే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌లో ఒత్తిడి బూస్ట్‌ను మించిపోయి ఇంజిన్‌కు ఊపిరాడదు. కొలరాడో సరిహద్దులోని రటోన్ పాస్ కనుమ 7,800 అడుగులు దాటుతుంది, డెన్వర్ పడమట ఐసెన్‌హోవర్ సొరంగం 11,000 అడుగులకు పైన ఉంది. అంత ఎత్తున గాలి పలచబడి, అదే బూస్ట్ కోసం చిన్న టర్బో ఇంకా వేగంగా తిరగవలసి వస్తుంది కాబట్టి, కొంచెం పెద్ద కంప్రెసర్ విలువ నీకు అక్కడే తెలుస్తుంది.

టర్బో కంటే ముందు కొనవలసినవి రెండు గేజులు, ఒకటి బూస్ట్‌కు, రెండోది ఎగ్జాస్ట్ వేడికి. ఆ రెండోదాన్నే పైరోమీటర్ అంటారు. దాని ప్రోబ్‌ను (వేడిని కొలిచే కడ్డీని) టర్బో తరువాత కాకుండా, దానికి ముందే, మానిఫోల్డ్‌లో పెట్టించు; టర్బైన్ దాటేసరికి వాయువు చల్లబడి గేజు నీకు తీపి కబుర్లు చెబుతుంది. ఇందుకోసం పాత టర్బోను ఒకసారి విప్పి మానిఫోల్డ్‌కు రంధ్రం వేస్తే ఇనుప రజను టర్బైన్‌లోకి పోయే భయం ఉండదు. డ్రిల్ బిట్‌కు గ్రీజు దట్టంగా రాసి, కొద్దికొద్దిగా దించుతూ, ప్రతిసారీ రజనును తుడిచేసి, చివరన లోపల అయస్కాంతం తిప్పాలి. ఘాట్‌లో ముల్లు 1,250 ఫారెన్‌హీట్ దాటి అక్కడే నిలిస్తే యాక్సిలరేటర్ మీద కాలు తగ్గించి గేరు దించు. పిస్టన్లు అల్యూమినియంవి; కింది నుంచి ఆయిల్ చిమ్మి వాటిని చల్లబరచే ఏర్పాటు ఉన్నా, ఎంతోసేపు తట్టుకోలేవు.

పాత టర్బో నిజంగా పాడైందో లేదో కూడా చూసుకో. షాఫ్ట్‌ను పట్టుకుని పక్కలకు కదిపితే కొద్దిగా ఆడడం సహజమే, ఆయిల్ పొర మీద తేలే బేరింగులవి. ముందుకూ వెనక్కూ స్పష్టంగా జరిగినా, రెక్కలు హౌసింగ్‌కు రాసుకున్న గుర్తులున్నా దాని ఆయుష్షు తీరినట్లే. బూస్ట్ తక్కువగా ఉందన్నదే ఫిర్యాదు అయితే మాత్రం, టర్బో నుంచి వచ్చే వేడిగాలిని చల్లబరచే ఇంటర్‌కూలర్ గొట్టాలలోకి గాలి ఎక్కించి, సబ్బునీళ్లు చల్లి, బుడగలు ఎక్కడ వస్తున్నాయో చూడు. చాలా బళ్లకు ఒక క్లాంపు బిగిస్తే సరిపోతుంది.

ట్యూనింగ్ పెంచేమాటైతే ముందుగా నలిగేది గేర్‌బాక్స్. నీది 48ఆర్‌ఈ అనే ఆటోమేటిక్ గేర్‌బాక్స్ కాబట్టి, ఇంజిన్ బలాన్ని దానికి అందించే టార్క్ కన్వర్టర్‌నూ, లోపలి క్లచ్‌లనూ బలపరచకుండా ఇంధనం పెంచవద్దు. బూస్ట్ 40 పీఎస్‌ఐ దాటించాలంటే సిలిండర్ హెడ్‌ను పట్టి ఉంచే బోల్టుల స్థానంలో మరింత గట్టిగా బిగించే స్టడ్లు వేయించాలి. నీకు అంత అవసరం లేదని నా అభిప్రాయం.

చట్టం సంగతి కూడా తెలుసుకో. టెక్సాస్‌లో డీజిల్ బళ్లకు పొగ పరీక్ష లేదు కదా అని క్యాటలిటిక్ కన్వర్టర్ పీకేయమనే మెకానిక్ మాట వినకు. కాలుష్యాన్ని అదుపుచేసే భాగాలు తొలగించడం ఫెడరల్ క్లీన్ ఎయిర్ యాక్ట్ ప్రకారం చట్టవిరుద్ధమే. రేపు ఉద్యోగం కాలిఫోర్నియాకు మారితే, అక్కడి ఎయిర్ రిసోర్సెస్ బోర్డు అనుమతి సంఖ్య లేని టర్బోతో తనిఖీలో చిక్కుకుంటావు. పాత టర్బో వేస్ట్‌గేట్‌ను, అంటే బూస్ట్ హద్దు మీరకుండా ఎగ్జాస్ట్‌ను పక్కకు వదిలే తలుపును, బండి కంప్యూటరే నడుపుతుంది. కొత్తదానికి ఆ వైరు ఉండదు కాబట్టి చెక్ ఇంజిన్ దీపం వెలగకుండా ఏం చేస్తారో బేరం కుదిరే ముందే అడుగు.

బిగించే రోజు దగ్గరుండి చూడు. మానిఫోల్డ్ నట్లకు ముందురోజే తుప్పు వదిలించే ఆయిల్ కొట్టించు. తెరిచిన ప్రతి మూతికీ టేపు వేయాలి. నిమిషానికి లక్షకు పైగా తిరిగే చక్రంలో చిన్న వాషర్ పడినా కథ ముగుస్తుంది. పాత చక్రం రెక్క విరిగి ఉంటే ఆ ముక్కల కోసం ఇంటర్‌కూలర్ విప్పి కడిగించు. ఆయిల్ వచ్చే గొట్టం కొత్తది వేయించు. ఆయిల్ దిగే గొట్టం దగ్గర గాస్కెట్ తప్ప సిలికాన్ పూయనివ్వవద్దు, ఊడిన ముక్క దారికి అడ్డుపడితే ఆయిల్ సీళ్ల గుండా ఎగ్జాస్ట్‌లోకి పోతుంది. స్టార్ట్ చేయబోయే ముందు పై రంధ్రంలో శుభ్రమైన ఆయిల్ పోసి, చక్రాన్ని చేత్తో తిప్పి, ఆ తరువాతే గొట్టం బిగించాలి. మొదటి కొన్ని నిమిషాలు ఐడిల్‌లోనే ఉంచి లీకులు చూసుకోండి. ఇకమీదట ఘాట్ ఎక్కి ఆగిన ప్రతిసారీ పైరోమీటర్ 400 ఫారెన్‌హీట్ దిగువకు వచ్చేదాకా ఇంజిన్ ఆపవద్దు.

గేజులు ముందుగా పెట్టించుకుని, పాత టర్బోతోనే ట్రైలర్ లాగి, ఘాట్ ఎక్కేటప్పుడు బూస్ట్ ఎంత, వేడి ఎంత, ఏ గేరులో ఎంత వేగమో రాసి నాకు పంపు. ఆ అంకెలు చూసి హౌసింగ్ సైజు చెబుతాను. అప్పటిదాకా ఎవరికీ అడ్వాన్సు ఇవ్వకు.

ఇట్లు,
నీ మేనమామ