రైలు వెనక ఆకాశం ఎలా వేయాలంటే

అల్లుడూ,

చిన్న పట్టాలు, స్టేషన్‌తో నువ్వు కట్టిన మోడల్ రైలు లేఅవుట్ ఫోటోలు చూశాను. పట్టాలు, కంకర, సిగ్నల్ స్తంభం అన్నీ పద్ధతిగా కుదిరాయి. కానీ ఆకాశం కోసం వెనక నిలబెట్టిన అట్ట మీద డబ్బాలో నీలం ఉన్నది ఉన్నట్టే పూసేశావు, దాంతో అంత కష్టపడి చేసిన రైలు కాస్తా ఆటబొమ్మ అయిపోయింది. అడిగావు కాబట్టి చెబుతున్నా, అది తీసేసి మళ్ళీ మొదలుపెట్టు.

ముందు మన తిరుపతిలో మేడెక్కి శేషాచలం కొండవైపు చూడు. నెత్తిమీద చిక్కగా ఉన్న నీలం కిందికి వచ్చేకొద్దీ పలచబడుతూ కొండ అంచు దగ్గర దాదాపు తెల్లబడిపోతుంది. అటు చూసేటప్పుడు మన కంటికి అడ్డొచ్చే గాలి చాలా ఎక్కువ, అందులో దుమ్మూ తేమా కూడా ఉంటాయి, అందుకే ఆ తెలుపు. నీ అట్ట ఎత్తు రెండడుగులు, అంటే నువ్వు చూపించేది ఆకాశంలో ఆ కింది ముక్కే. నడినెత్తి నీలంతో నీకు పనే లేదు.

తర్వాత ఏ నెలో తేల్చుకో. మే నెలైతే ఆకాశమంతా తెలుపే, అడుగున చిటికెడు పసుపుమన్ను రంగు కలపాలి. నవంబరు వానలు వెలిసిన పొద్దు అయితే కొండ దగ్గరికి జరిగినట్టు స్పష్టంగా కనిపిస్తుంది, ఎర్ర బండలు తడిసి ముదురుగా ఉంటాయి. నాకైతే నవంబరే ఇష్టం.

ఇంకో ముఖ్యమైన సంగతి, శేషాచలం మన ఊరికి ఉత్తరాన ఉంది. నీ లేఅవుట్‌లో వెనక కొండ ఉందంటే చూసేవాడు ఉత్తరానికి తిరిగి నిలబడ్డట్టు. రేణిగుంట కుడివైపు, చంద్రగిరి ఎడమవైపు. కొండ నడిమధ్యన సూర్యాస్తమయం వేస్తానన్నావే, అది మనూళ్ళో ఎవరూ చూడని సూర్యుడు. సాయంకాలమే కావాలంటే ఎడమ చివర కాస్త నారింజ ఛాయ చూపించు, మబ్బులకు కూడా ఎడమ పక్కనే వెలుగు పడాలి, స్టేషన్ నీడలు కుడికి పోవాలి.

రంగు విషయానికొస్తే మ్యాట్ ఎమల్షనే తీసుకో, మెరుపున్నది వద్దు. ఫ్లెక్స్ బ్యానర్ కూడా అందుకే వద్దంటాను, లైటు వేయగానే తళతళమంటుంది. మూడు మగ్గుల్లో మూడు ఛాయలు కలుపు: పైకి లేత నీలం, మధ్యకు ఇంకా లేత, అడుక్కి తెలుపులో రెండు చుక్కల నీలం. అడ్డంగా పూస్తూ, తడి ఆరకముందే ఒకదాంట్లోకి ఒకటి వెడల్పు బ్రష్‌తో లాగాలి. మన ఎండలకు రంగు చూస్తుండగానే బిగుసుకుపోతుంది, అందుకని తెల్లవారుజామున ఫ్యాన్ ఆపేసి చెయ్యి, పక్కన ఒకరు నీళ్ళు స్ప్రే చేస్తుంటే ఇంకా మేలు. ఎమల్షన్ ఆరాక ఒక ఛాయ ముదురుతుంది, కాబట్టి కలిపేటప్పుడే నీకు నచ్చినదానికన్నా లేతగా కలుపు. లేఅవుట్ మీద ఏ ఎల్ఈడీ వెలుగుతుందో దాని కిందే రంగు చూసుకో, షాపు వెలుతుర్లో కాదు.

మబ్బులు తక్కువ వెయ్యి. వాటి అడుగు చదునుగా ఉండాలి, కిందికొచ్చేకొద్దీ చిన్నవై, సన్నబడి, దగ్గర దగ్గరగా రావాలి. నీడకు నలుపు వాడకు, నీలంలో గోధుమరంగు కలిపితే వచ్చే బూడిదరంగే సరిపోతుంది.

కొండ ఎత్తు గురించి టెన్షన్ పడ్డావు. నిజం కొండ ఊరి మీద దాదాపు 700 మీటర్లు లేస్తుంది, నీ 1:87 స్కేలులో, అంటే నిజంలో 87వ వంతు సైజులో, అది 8 మీటర్లు, ఇంటి కప్పు దాటిపోతుంది. ఆ లెక్క వదిలెయ్యి. ఊళ్ళోంచి చూస్తే ఎంత కనిపిస్తుందో అంతే గియ్యి, మూడడుగుల దూరం నుంచి చూసే లేఅవుట్‌కు జానెడు దాటనక్కర్లేదు. గీసి ఆరాక మజ్జిగతేటలా పలచన చేసిన తెల్లనీలం దాని మీద ఒక పూత వేస్తే కొండ వెనక్కి పోతుంది.

మూలలు లంబకోణంలో ఉంచొద్దు, 3 మి.మీ. హార్డ్‌బోర్డును గుండ్రంగా వంచి, అతుకులకు పుట్టీ పెట్టి ఉప్పుకాగితంతో రుద్దు. అట్టకూ చెట్లకూ మధ్య బెత్తెడు సందు తప్పకుండా వదులు, ఆకాశం మీద వేపచెట్టు నీడ పడిందంటే పడిన శ్రమంతా పోయినట్టే.

అంతా అయ్యాక రైలు నిలబెట్టి, ఫోన్‌ను రైలు ఎత్తులో పెట్టి బ్లాక్ అండ్ వైట్ ఫోటో తీసి పంపు. అందులో కొండ ఇంజను కన్నా నల్లగా కనిపిస్తే ఆ తెల్లపూత ఇంకోసారి వేద్దాం.

మీ మామ