తక్కువ బడ్జెట్‌లో తీసిన కామెడీ సినిమాల్లో, చాలామంది చూడకుండా వదిలేసిన మంచి సినిమా ఏది? ఎందుకు చూడాలి?

ఈ ప్రశ్న ఎవరు అడిగినా నేను మొదట చెప్పే పేరు 'సినిమా బండి'.

2021 మే 14న నేరుగా నెట్‌ఫ్లిక్స్‌లో విడుదలైంది. కరోనా సెకండ్ వేవ్ నడుస్తున్న రోజులు. ఫోన్ మోగితే ఏం వినాల్సి వస్తుందోనన్న టెన్షన్‌లో ఉన్నాం అందరం. దర్శకుడు ప్రవీణ్ కాండ్రేగులకి అదే మొదటి సినిమా. తెర మీద తెలిసిన మొహం ఒక్కటీ లేదు. నిర్మాతలు 'ఫ్యామిలీ మ్యాన్' సిరీస్ తీసిన రాజ్, డీకే కాబట్టి కొన్నాళ్ళు పేరు వినిపించింది, ఆ తర్వాత కొత్తవాటి కింద పడిపోయింది. మా చుట్టాల్లో చాలామందికి అలాంటి సినిమా ఉందనే తెలియదు.

ఆంధ్ర, కర్ణాటక సరిహద్దులో ఒక పల్లె. ఆటో నడిపే వీరబాబుకి తన బండిలో ఎవరో మర్చిపోయిన ఖరీదైన కెమెరా దొరుకుతుంది. దాంతో సినిమా తీసి హిట్ కొడితే ఊరు బాగుపడుతుందని నమ్ముతాడు. పెళ్ళి ఫొటోలు తీసే గణపతి కెమెరామన్ అవుతాడు. కటింగ్ షాపు కుర్రాడు మరిడేష్ బాబు హీరో, కూరగాయలు అమ్మే మంగ హీరోయిన్.

కథ ఇలా వింటే, పల్లెటూరివాళ్ళ అమాయకత్వాన్ని చూపించి నవ్విస్తారేమో అనిపిస్తుంది. అలా చెయ్యలేదు కాబట్టే నాకీ సినిమా అంత ఇష్టం. ఇందులో నవ్వించడానికని ఎవరూ మాట్లాడరు. ఎవరి పని వాళ్ళు ప్రాణం పెట్టి చేస్తుంటారు, నవ్వు అందులోంచే వస్తుంది. ముందు సీనుకీ ఈ సీనుకీ తేడా వచ్చిందని ఒక చిన్న పిల్లాడు పట్టేస్తే, పెద్దవాళ్ళు వాడి మాటకి విలువిచ్చి వింటారు. వాళ్ళని చూసి నవ్వుతూనే, ఆ షూటింగ్ ఎలాగైనా పూర్తయితే బాగుండునని కోరుకుంటాం.

మా మేనమామ పలమనేరు వైపు చాలా ఏళ్ళు పెళ్ళి వీడియోలు తీశాడు. ఆయనతో కలిసి చూస్తుంటే గణపతి కనిపించినప్పుడల్లా సినిమా ఆపించాడు. తాళి కట్టే సమయానికి ఎవరో అడ్డం నిలబడితే, ఇంకోసారి కట్టినట్టు చెయ్యమని పెళ్ళికొడుకుని బతిమాలిన సంగతీ, లైటు పట్టుకునే కుర్రాడు భోజనాల వరసలో దొరికిన సంగతీ అప్పుడే చెప్పాడు. నేను అంతకుముందు ఎప్పుడూ వినలేదు. అమ్మ చెవి మాత్రం మాటల మీదే ఉంది. కన్నడం కలిసిన ఆ సరిహద్దు తెలుగు పెద్ద సినిమాల్లో వినపడితే ఏ పనివాడి నోటో, రౌడీ నోటో వినపడుతుంది. ఇక్కడ హీరోదీ, సినిమా తీసే వీరబాబుదీ, ఇంట్లో అతని భార్యదీ అదే మాట. అమ్మకి అది ఎంత సంతోషమో!

లోపం లేదని అనను. కెమెరా పోగొట్టుకున్న అమ్మాయి సీన్లు కాస్త తేలిపోయాయి, పల్లెలో ఉన్నంత ప్రాణం వాటిలో లేదు. మొదటి అరగంట కూడా నెమ్మదిగానే నడుస్తుంది. అక్కడ ఫోన్ తియ్యకండి. మాట్లాడేవాళ్ళ వెనక నిలబడ్డవాళ్ళ మొహాలు చూడండి, సగం కామెడీ అక్కడే ఉంది. తెలుగులోనే చూడండి, వేరే భాషలో ఆ యాస పోతుంది.

ఇది నచ్చితే, అదే ఏడాది జనవరిలో ఆహాలో వచ్చిన 'మెయిల్' కూడా చూడండి. ఉదయ్ గుర్రాల తీశారు. కంబాలపల్లి అనే తెలంగాణ పల్లెకి కంప్యూటర్ కొత్తగా వచ్చిన కాలం. ఊళ్ళో కంప్యూటర్ సెంటర్ పెట్టిన హైబత్‌గా ప్రియదర్శి చాలా బాగా చేశాడు. కంప్యూటర్ నేర్చుకోవాలని తపించే రవి అనే కుర్రాడికి, కోట్ల రూపాయల లాటరీ తగిలిందని ఒక మెయిల్ వస్తుంది. అది మోసమని మనకి వెంటనే తెలిసిపోతుంది, వాడికి తెలియదు. వాడి ఆశ పెరిగే కొద్దీ మన నవ్వులో భయం కలుస్తుంది. నాకు ఈ సినిమాలో అన్నిటికంటే నచ్చింది ఆ భాగమే.