1250 గ్రాముల పాప, నూటికి రెండు రూపాయల వడ్డీ

ప్రశ్న: మాది హనుమకొండ. 29వ వారంలోనే పాప పుట్టింది. బరువు 1250 గ్రాములు. ప్రైవేట్ ఆసుపత్రిలో ఎన్‌ఐసీయూ (నవజాత శిశువుల ఐసీయూ)లో పెట్టి 11 రోజులైంది, బిల్లు రూ.2.4 లక్షలు దాటింది. ఇంకో నాలుగైదు వారాలు ఉంచాలంటున్నారు. నా జీతం 42 వేలు, నా భార్యది 24 వేలు. ఇద్దరివీ ప్రైవేట్ ఉద్యోగాలే. కంపెనీ ఇన్సూరెన్స్ రూ.3 లక్షలు, ఎఫ్‌డీ రూ.2.5 లక్షలు, ఎనిమిది తులాల బంగారం ఉన్నాయి. బంధువొకరు నూటికి రెండు రూపాయల వడ్డీకి 4 లక్షలు ఇస్తామంటున్నారు. తీసుకోవాలా, ప్లాటు అమ్మాలా?

జవాబు: రెండూ వద్దు. నూటికి రెండంటే ఏడాదికి 24 శాతం. నెలకు 8 వేలు వడ్డీకే పోతాయి, అసలు రూపాయి కూడా తగ్గదు. ఇంత అవసరంలో ప్లాటు బేరం పెడితే కొనేవాళ్లు చెప్పిందే ధర అవుతుంది.

ఈ రోజే మీ హెచ్‌ఆర్‌కు ఫోన్ చేసి పాపను పాలసీలో చేర్పించండి. పేరు పెట్టలేదని ఆగొద్దు, చాలా చోట్ల తల్లి పేరు మీదే చేర్చుకుంటారు. దీనికి గడువు ఉంటుంది, అది దాటితే క్లెయిమ్ చిక్కుల్లో పడుతుంది. ఎన్‌ఐసీయూ ఖర్చును ప్రసూతి పరిమితిలో లెక్కిస్తారా, మొత్తం 3 లక్షల్లోనా అన్నది మెయిల్‌లో రాయించుకోండి. మీ భార్య కంపెనీ పాలసీ కూడా ఉంటే అదీ అడగండి. ఆ తర్వాత పీఎఫ్ అడ్వాన్స్, ఎఫ్‌డీ, చివరగా బ్యాంకులో గోల్డ్ లోన్. ఈ వరస మార్చకండి.

ఆసుపత్రిలో మూడు రోజులకోసారి బిల్లు అంచనా అడగండి. అందులో మొహమాటం వద్దు. వెంటిలేటర్ మీద ఉన్న రోజుకూ, పాలు తాగి బరువు పెరుగుతున్న రోజుకూ చార్జీ ఒకటే ఉండకూడదు. పాప తనంతట తాను ఊపిరి తీసుకుంటుంటే, ప్రభుత్వ ఆసుపత్రిలోని ఎస్‌ఎన్‌సీయూకు (జబ్బుపడ్డ నవజాత శిశువుల ప్రత్యేక వార్డుకు) మార్చవచ్చా అని డాక్టర్‌ను అడగండి. జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ఏడాదిలోపు పిల్లలకు అక్కడ వైద్యం ఉచితం. వరంగల్ ఎంజీఎం మీకు దగ్గరే. డాక్టర్ సరేనంటేనే, బెడ్ ఉందని ఖాయం చేసుకున్నాకే, సౌకర్యాలున్న అంబులెన్స్‌లోనే తరలించండి. అలా చేస్తే బిడ్డకు తక్కువ చేసినట్టు కాదు. ఈ మాట చాలామంది తండ్రులకు చెప్పాల్సి వస్తోంది.

ఇక పైసా ఖర్చు లేనిది ఒకటుంది: కంగారూ సంరక్షణ. బిడ్డను తల్లి గుండెల మీద చర్మానికి చర్మం తగిలేలా పడుకోబెట్టుకోవడం. 1500 గ్రాముల లోపు పిల్లల ఒంట్లో కొవ్వు బాగా తక్కువ, వెచ్చదనం నిలవదు, ఇన్‌ఫెక్షన్ తొందరగా సోకుతుంది. రోజుకు 8 గంటలకు తగ్గకుండా, వీలైతే 24 గంటలూ ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. దీనివల్ల మరణాలు తగ్గుతాయని రుజువైంది. తల్లి అలసిపోతే మీరు కూర్చోండి, తండ్రి కూడా ఇవ్వొచ్చు. 'లోపలికి రానివ్వరు' అంటే ఎప్పటి నుంచి రానిస్తారో గట్టిగా అడగండి. తల్లిపాలే మందు అనుకోండి. పాలలో కలిపే పొడి డాక్టర్ రాస్తే కొనండి, ఎవరో బలమన్నారని డబ్బా పాలు కొనకండి. ఇంత చిన్న పిల్లల పేగులకు వాటితో ప్రమాదం ఎక్కువ.

ప్రసూతి సెలవు 26 వారాలని మీకు తెలిసే ఉంటుంది. నెలలు నిండకుండా కాన్పు అయి దాని వల్ల అనారోగ్యం కలిగితే, డాక్టర్ కాగితంతో మరో నెల వరకు జీతంతో సెలవు చట్టంలోనే ఉంది. మీ భార్యకు అది వర్తిస్తుందేమో చూడండి. కనుక్కోకుండా ఆమె ఉద్యోగం మాన్పించకండి. ఈ ఏడాది ఆమె 24 వేలు మీకు ఎంతో ముఖ్యం.

నాకు భయమంతా డిశ్చార్జ్ తర్వాతి ఖర్చు గురించే. చేతిలో ఉన్నదంతా ఆసుపత్రి కౌంటర్‌లో కట్టేసి, తర్వాతి పరీక్షలు వాయిదా వేసే కుటుంబాలను చూశాను. ఎఫ్‌డీలో 60 వేలు ముట్టుకోకుండా పక్కన పెట్టండి, అవసరమైతే దాని బదులు రెండు తులాలు ఎక్కువ తాకట్టు పెట్టినా పర్వాలేదు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల కంటి రెటీనాలో (కంటి వెనుక పొరలో) రక్తనాళాలు పూర్తిగా ఎదగవు, దారి తప్పి పెరిగితే చూపు పోవచ్చు. మొదటి కంటి పరీక్ష పుట్టిన 30 రోజుల్లోపే జరగాలి, 1200 గ్రాముల లోపు పిల్లలకైతే రెండు మూడు వారాలకే. తేడా కనిపిస్తే లేజర్‌కో ఇంజెక్షన్‌కో రెండు మూడు రోజులకు మించి ఆగకూడదు. ఆ రోజు డబ్బు కోసం తిరిగే పరిస్థితి రావద్దు. వినికిడి పరీక్ష, ఫాలో-అప్‌లు కూడా ఈ డబ్బులోంచే.

మీ పాపకు 30 రోజులు నిండడానికి ఇంకా 19 రోజులే ఉంది. కంటి డాక్టర్ ఏ రోజు వస్తారో రేపే నర్సును అడిగి, తేదీ కేస్ షీట్‌లో రాయించండి.