ఏ జాతికీ సరిపోని బాతు కనిపిస్తే ముందు తోక చూడండి

చెరువులో వింత బాతు కనిపించింది, అది హైబ్రిడ్ (రెండు జాతులు కలిసి పుట్టినది) అని ఎలా తేల్చుకోవాలి అని అడిగారు. నాకూ రెండేళ్ల కిందట జనవరిలో తిరుపతి దగ్గర రాయల చెరువులో ఇలాగే ఎదురైంది.

గట్టు మీంచి చూస్తే స్పాట్‌బిల్ బాతులు పన్నెండు దాకా ఉన్నాయి. మన చెరువుల్లో ఏడాదంతా ఉండేవే: నల్ల ముక్కు, కొసన పసుపు, ముక్కు మొదట్లో ఎర్ర చుక్కలు. వాటి మధ్య ఒకటి లావుగా, రొమ్ము మీద తెల్ల మచ్చతో ఈదుతోంది. ముక్కు కొసన పసుపు ఉంది, ఎర్ర చుక్కలు లేవు. తల మీద ఎండ పడితే ఆకుపచ్చ మెరుపు. ఫోన్‌లో యాప్ ఒక ఫొటోకి స్పాట్‌బిల్ అంది, ఇంకోదానికి మల్లార్డ్ (మగదానికి ఆకుపచ్చ తల ఉండే మరో జాతి బాతు) అంది. గంటన్నర కదలకుండా కూర్చున్నాను.

పక్కనే కోసిన వరి మడిలో బాతుల మంద మేస్తోంది. మేపే ఆయనకు ఫొటో చూపిస్తే, "మా మందది కాదునా. కానీ ఆ తోక చూడు, మెలి తిరిగి ఉండాది. మా మగ బాతులకు అట్నే ఉంటాది" అన్నాడు. అంతసేపూ నేను తల, ముక్కే చూస్తున్నాను!

ఆయన మాట అక్షరాలా నిజం. తోక మీద మెలి తిరిగిన ఈకలు మల్లార్డ్ మగబాతు గుర్తు, స్పాట్‌బిల్‌కు ఉండవు. మస్కవీ అనే వేరే జాతి తప్ప పెంపుడు బాతులన్నీ మల్లార్డ్ సంతతే. అడవి మల్లార్డ్ ఇంత దక్షిణానికి రావడం చాలా అరుదు. కాబట్టి మన దగ్గర ఆ మెలి కనిపిస్తే పెంపుడు బాతు రక్తమనే అనుకోవాలి.

అలాగని ఒక్క తెల్ల మచ్చ చూసి హైబ్రిడ్ అనేయకండి. రంగు లోపం వల్ల కూడా మచ్చలొస్తాయి. శీతాకాలం మొదట్లో వలస వచ్చే మగ సూదితోక బాతులు ఇంకా ఈకలు మార్చుకుంటూ ఆడవాటిలా ఉంటాయి, తికమక పెడతాయి. రెండు జాతుల గుర్తులూ ఒకే బాతులో కనిపించాలి. రెక్క విప్పినప్పటి ఫొటో దొరికితే ఇంకా మంచిది: స్పాట్‌బిల్‌కు ఆకుపచ్చ పట్టీ, మల్లార్డ్‌కు నీలం.

ఈ హైబ్రిడ్‌లు కంచరగాడిదల్లా గొడ్డుబోవు, వాటికీ పిల్లలవుతాయి. నాకు దిగులల్లా అదే. న్యూజిలాండ్‌లో బయటినుంచి తెచ్చి వదిలిన మల్లార్డ్‌లు అక్కడి గ్రే డక్‌తో కలిసిపోయి, అసలు గ్రే డక్ కనబడడమే కష్టమైంది. అందుకే మీరు చూసినదాన్ని, పక్షులు కనిపించిన వివరాలు నమోదు చేసే వెబ్‌సైట్ ఈబర్డ్‌లో హైబ్రిడ్‌గానే పెట్టండి. ఫొటోలతో పాటు, దగ్గర్లో పెంపుడు మంద ఉందో లేదో కూడా రాయండి.