ముందు ఆ గీతల కాగితం చదువు

చిరంజీవి మాధవికి,

అత్తయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటోను పెద్దది చేసి రెండుసార్లు చూశాను. అక్షరాలను అడ్డంగా కోసినట్టు తెల్లని చారలు, నీలం రావాల్సిన చోట గులాబీ. ప్రింటర్ పాడైపోయింది, కొత్తది కొనక తప్పదేమో అని రాశావు. ఆ మాట అప్పుడే అనకు. ఇన్నేళ్లలో నా చేతికి మరమ్మతుకు వచ్చిన ఇంక్‌జెట్ ప్రింటర్లలో ఎక్కువ భాగం ఈ జబ్బుతోనే వచ్చాయి. చాలావాటికి ఒక్క స్క్రూ కూడా విప్పాల్సిన అవసరం రాలేదు.

హెడ్ క్లీనింగ్, అంటే ఇంకును కాగితం మీద చిమ్మే హెడ్‌ను ప్రింటర్ చేతే శుభ్రం చేయించడం, వరుసగా ఐదుసార్లు చేశానన్నావు. ఇక దాని జోలికి పోకు. కొంచెం తగ్గిందో లేదో చూడకుండా మందు మీద మందు వేసినట్టు అవుతుంది. ముందు నాజిల్ చెక్ తియ్యి, అంటే హెడ్‌లోని సన్నని రంధ్రాలన్నీ (నాజిల్స్) పనిచేస్తున్నాయో లేదో చూపే గీతల కాగితం. ప్రింటర్ సాఫ్ట్‌వేర్‌లో మెయింటెనెన్స్ అనే చోట ఉంటుంది. సాదా కాగితం చాలు. నలుపు, సయాన్ (లేత నీలం లాంటిది), మెజెంటా (ముదురు గులాబీ), పసుపు రంగుల్లో చిన్న చిన్న గీతలు మెట్లు మెట్లుగా గానీ, గళ్లుగా గానీ పడతాయి. ఆ కాగితాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, ఒక్కో రంగునూ వేలు పెట్టి చూసుకుంటూ పో. ఎక్కడ గీత తెగిందో అక్కడి రంధ్రం నుంచి ఇంకు రావడం లేదన్నమాట. పసుపు గీతలు తెల్ల కాగితం మీద కంటికి ఆనవు. నీలిరంగు పారదర్శక కాగితం అడ్డుపెట్టుకుని చూడు, నల్లగా కనిపిస్తాయి. నీ ఫొటోలో నీలం గులాబీగా మారిందంటే సయాన్ సరిగా పడటం లేదని నా అనుమానం. సయాన్, మెజెంటా కలిస్తేనే నీలం వస్తుంది, సయాన్ తప్పుకుంటే మిగిలేది గులాబీయే.

క్లీనింగ్ అనే పేరు విని చాలామంది పొరబడతారు. లోపల ఏ బ్రష్షో తుడుస్తోందనుకుంటారు. నిజానికి అక్కడ జరిగేది ముఖ్యంగా ఇంకును లాగి పారబోయడం. హెడ్ కింద ఒక చిన్న పంపు ఆ సన్నని రంధ్రాల్లోంచి ఇంకును పీలుస్తుంది, అది అడుగున ఉన్న స్పాంజి లాంటి మెత్తలోకి పోతుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను ఒక ప్రింటర్‌కు ఒకే మధ్యాహ్నం పదకొండుసార్లు క్లీనింగ్ చేశాను. ఇంకు అయిపోయింది, గొట్టాల్లోకి గాలి చేరి చారలు ముందుకంటే పెరిగాయి. మరికొన్నాళ్లకు ఆ మెత్త నిండిపోయిందంటూ ప్రింటర్ అసలు పనే మానేసింది. అప్పటినుంచి ఒకటే పద్ధతి పాటిస్తున్నాను. ఒక క్లీనింగ్, ఒక నాజిల్ చెక్. ఇలా మూడుసార్లకు మించను. అప్పటికీ తగ్గకపోతే ప్రింటర్‌ను ఆపేసి రాత్రంతా వదిలేస్తాను. కొత్తగా వచ్చి చేరిన ఇంకు, రంధ్రాల్లో ఎండి పెచ్చుకట్టిన ఇంకును మెల్లగా నానబెడుతుంది, బుడగలు కూడా పైకి తేలుకుంటాయి. ఉదయం తీసే మొదటి కాగితమే చాలాసార్లు బాగా వస్తుంది.

తీసిన ప్రతి కాగితం మీదా తేదీ, వరుస సంఖ్య రాసి దాచు. ఇది మాత్రం తప్పకుండా చెయ్యి. రెండు కాగితాలు పక్కపక్కన పెడితే, తెగిన చోట్లు ఒకే దగ్గర ఉన్నాయా, జరుగుతున్నాయా అన్నది తెలుస్తుంది. ఒకే దగ్గర ఉంటే ఆ రంధ్రాల్లో ఇంకు ఎండిపోయింది, నానబెట్టడమే మార్గం. ఒకసారి ఇక్కడ, మరోసారి అక్కడ తెగుతుంటే అది గాలి, లేదా ఇంకు సరిగా అందకపోవడం. అలాంటప్పుడు ట్యాంకులో మట్టం చూడు. కార్ట్రిడ్జ్ (మార్చి పెట్టుకునే ఇంకు డబ్బా) అయితే పైన గాలి రంధ్రానికి అంటించిన టేపు ఊడదీశారో లేదో చూడు. కొత్త కార్ట్రిడ్జ్ పెట్టిన రోజే చారలు మొదలయ్యాయంటే నేను మొదట వెతికేది ఆ టేపునే.

కొన్ని ప్రింటర్లకు హెడ్ కార్ట్రిడ్జ్‌కే అతికి ఉంటుంది. నీదీ అలాంటిదైతే పని సులువు. పీచు రాలని మెత్తటి గుడ్డను గోరువెచ్చని డిస్టిల్డ్ వాటర్‌లో తడిపి గట్టిగా పిండు. మడత పెట్టి, కార్ట్రిడ్జ్ అడుగున ఉన్న సన్నని పలకను దాని మీద అద్ది, అర నిమిషం ఉంచి తియ్యి. రుద్దకు. రంగుల కార్ట్రిడ్జ్ అయితే గుడ్డ మీద మూడు రంగుల పట్టీలు పక్కపక్కన ముద్రలా పడాలి. ఏ పట్టీ పాలిపోయిందో, ఏది అసలు పడలేదో నీ కళ్లకే తెలుస్తుంది. పక్కనున్న రాగి చుక్కలకు వేలు తగలనివ్వకు. కుళాయి నీళ్లు వద్దు, అందులోని లవణాలు ఆరాక ఆ రంధ్రాల్లోనే పేరుకుంటాయి. సూదితో పొడిచే ఆలోచన కలలో కూడా రానివ్వకు, అవి వెంట్రుక కన్నా సన్నని రంధ్రాలు.

రంగు రాకపోయినా పేజీలకు పేజీలు కొట్టేయడం కూడా మానుకో. కొన్ని హెడ్‌లు ఇంకును వేడి చేసి, బుడగ పుట్టించి, ఆ ఒత్తిడితో చుక్కను బయటికి నెడతాయి. 1977లో కానన్ పరిశోధనశాలలో ఇంకు నింపిన సిరంజి సూదికి వేడి సోల్డరింగ్ ఐరన్ (తీగలను అతికే వేడి కడ్డీ) పొరపాటున తగిలి, సూది మొనలోంచి ఇంకు చిమ్మిందట. ఈ పద్ధతికి అదే ప్రేరణ అని ఆ సంస్థ చెబుతుంది. నాకు ఎంతో ఇష్టమైన సంగతి ఇది. అలాంటి హెడ్‌ను చల్లబరిచేది కూడా ఇంకే. ఇంకు లేకుండా పని చేయిస్తే అది కాలిపోతుంది, ఆ తర్వాత ఎంత నానబెట్టినా తిరిగి రాదు.

గీతలన్నీ నిండుగా ఉండి కూడా ప్రింటు బాగా లేకపోతే తప్పు ఆ రంధ్రాలది కాదు. నిలువు గీతలు మెట్టు విరిగినట్టు పక్కకు జరిగినా, అక్షరాలకు నీడ పడినా హెడ్ అలైన్‌మెంట్ చెయ్యి, అంటే చుక్కలు సరైన చోట పడేలా హెడ్‌ను సరిచేయించు. రంగులు వెలిసినట్టుంటే ఇంకు తక్కువ వాడే డ్రాఫ్ట్ మోడ్‌లో ఉందేమో చూడు. ఫొటో కాగితం మీద ఇంకు ఆరకుండా చుక్కలు చుక్కలుగా నిలిస్తే నువ్వు వెనక వైపు ముద్రించి ఉంటావు. కాగితం రకం సెట్టింగులో సాదా అని ఉంచి మెరిసే కాగితం పెట్టినా రంగులు చెడతాయి. కాగితం అంచులు పైకి లేస్తే హెడ్‌కు తగిలి మరకలు పడతాయి.

ఇంకొకటి. నువ్వు ప్రింటర్‌ను గోడ స్విచ్‌తోనే ఆపేస్తావని మీ అమ్మ చెప్పింది. ప్రింటర్ మీది బటన్ నొక్కి ఆపితేనే హెడ్ ఒక మూలకు వెళ్లి రబ్బరు మూత మీద కూర్చుంటుంది. మధ్యలో కరెంటు తీసేస్తే అది ఎక్కడుంటే అక్కడే ఆగిపోవచ్చు, గాలికి ఇంకు ఎండిపోతుంది. లైటు పూర్తిగా ఆరే దాకా ఆగి, తర్వాత గోడ స్విచ్ తియ్యి. వారానికి ఒకసారి నాలుగు రంగులూ ఉన్న చిన్న పేజీ ఒకటి కొట్టు.

ఇప్పుడు ఒక నాజిల్ చెక్ తీసి ప్రింటర్ ఆపెయ్యి. రేపు ఉదయం ఇంకొకటి తీసి, రెండూ పక్కపక్కన పెట్టి, మంచి వెలుతురులో ఫొటో తీసి నాకు పంపు. చూసి, తర్వాత ఏం చేయాలో ఫోను చేసి చెబుతాను.

ప్రేమతో,
అత్తయ్య