చిన్నప్పుడు పట్టుబట్టి నేర్పించి ఉంటే బాగుండేది అనిపించేది ఏది?

నా ఓటు కర్ణాటక సంగీతానికే.

చాలామంది పిల్లలు మొదటి పాఠాలైన సరళీ స్వరాలు దాటి, ఒక్కో స్వరాన్నీ రెండేసి సార్లు పాడే జంట స్వరాల దగ్గర మానేస్తారు. విసుగు మరి: అదే మాయామాళవగౌళ రాగం, అదే ఆది తాళం, నెలల తరబడి. ఇంకా ఒక్క పాటా రాలేదేమని ఇంట్లోవాళ్లూ వదిలేస్తారు. కానీ గొంతు కుదిరేది అక్కడే. ఒక్కో వరసనీ మూడు కాలాల్లో, అంటే మూడు వేగాల్లో పాడాలి: తాళం దెబ్బకి ఒక స్వరం, తర్వాత రెండు, తర్వాత నాలుగు. తాళం వేసే చెయ్యి వేగం మారకూడదు, పెరగాల్సింది స్వరాలే. రెండో కాలంలో తాళం పరుగెడుతుంటే మూడోదానికి పోవద్దు.

మగపిల్లలకి 12, 13 ఏళ్లప్పుడు గొంతు మారుతుంది. పాత శ్రుతిలోనే, అంటే ‘స’ని పాత ఎత్తులోనే పెట్టి పాడిస్తే కీచుమంటుంది, పిల్లాడు సిగ్గుపడి మానేస్తాడు. శ్రుతి దించితే సరిపోయేదానికి!

ఇప్పుడైనా మొదలుపెట్టొచ్చు. మగవాళ్లు ఒకటి (పాశ్చాత్య సంగీతంలో C), ఆడవాళ్లు ఐదు (G), ఐదున్నర (G#) శ్రుతి దగ్గర చూసుకోండి. తంబురా యాప్ పెట్టుకుని రోజూ పావుగంట ‘స’ పట్టండి, అపార్ట్‌మెంట్లో పక్కింటివాళ్లు ఏమనుకున్నా సరే. హైదరాబాద్‌లో అయితే రామ్‌కోఠిలోని త్యాగరాజ ప్రభుత్వ సంగీత, నృత్య కళాశాలలో కనుక్కోండి. యాప్ శ్రుతి ఇస్తుందే గానీ, ‘రి’ కాస్త పైకి పోతోందని చెప్పదు; అది గురువే చెప్పాలి.