కమిలిన చెయ్యి వేరే వ్యాసంలో ఉంది: ఒక యువ సమీక్షకుడికి లేఖ

తమ్ముడూ,

నీ సమీక్ష అందింది. మెర్క్యురీ సెవెన్ మీద, అంటే అమెరికా మొట్టమొదట ఎంపిక చేసిన ఏడుగురు వ్యోమగాముల జట్టు మీద, విజ్ఞాన సర్వస్వానికి రాసిన ఎనిమిది వ్యాసాలు, ఏడుగురికీ తలా ఒకటి, మొత్తం జట్టుకి ఒకటి, అన్నీ ఓపిగ్గా చదివి రెండు పేజీలు రాశావు. ఓపికని మెచ్చుకోవాల్సిందే. కానీ ఆ రెండు పేజీల్లో "సమగ్రంగా ఉంది" అని ఐదుసార్లు, "మూలాలు చక్కగా ఇచ్చారు" అని నాలుగుసార్లు ఉంది, లెక్కపెట్టాను. రాసినవాళ్ళకి ఒక పూట సంతోషం, అంతే. "మొహమాటం లేకుండా చెప్పన్నా" అన్నావు కదా, చెప్తున్నా.

నువ్వు షెపర్డ్ వ్యాసం తీశావు, చివరిదాకా చదివావు, మార్కులేశావు, పక్కన పెట్టి గ్రిస్సమ్ వ్యాసం తీశావు. పరీక్ష పేపర్లు దిద్దినట్టు. ఒక్క వ్యాసమైతే అలా సరిపోతుంది. ఎనిమిది వ్యాసాల సంపుటానికి సరిపోదు, ఎందుకంటే ఏ వ్యాసానికి ఆ వ్యాసం తన మనిషి తరఫు వకీలులా మాట్లాడుతుంది, పక్క వ్యాసం తీస్తే గానీ ఆ సంగతి బయటపడదు. నువ్వు చదవాల్సింది మనుషుల వారీగా కాదు, సంఘటనల వారీగా.

గ్రిస్సమ్ సంగతే చూడు. 1961 జులై 21న ఆయన నౌక లిబర్టీ బెల్ 7 సముద్రంలో దిగింది, హెలికాప్టర్ నౌకని పట్టుకునేలోపే తలుపు పేలి ఊడిపోయింది, నీళ్ళు లోపలికొచ్చి నౌక మునిగిపోయింది, మనిషి చావు తప్పి బయటపడ్డాడు. కంగారులో ఆయనే తలుపు పేల్చే మీట నొక్కేశాడని చాలామంది అన్నారు, తాను ముట్టుకోలేదని ఆయన అన్నాడు. నువ్వు చూసిన వ్యాసం అక్కడితో "వివాదం మిగిలిపోయింది" అని ఊరుకుంది, నువ్వూ ఊరుకున్నావు. ఇప్పుడు షిర్రా వ్యాసం తియ్యి. 1962 అక్టోబర్ 3న తన నౌక సిగ్మా 7లో భూమి చుట్టూ ఆరు చుట్లు తిరిగి దిగాక, నౌకని ఓడ మీదికి ఎక్కించిన తర్వాత, షిర్రా కావాలనే ఆ మీట కొట్టి తలుపు పేల్చాడు. ఆ మీట తిరిగి తన్నిన దెబ్బకి, గ్లవ్ వేసుకుని ఉన్నా, చెయ్యి కమిలిపోయింది. గ్రిస్సమ్ చేతికి అలాంటి దెబ్బ ఏదీ లేదు. అంటే గ్రిస్సమ్ పక్షాన చెప్పుకోదగ్గ సాక్ష్యం గ్రిస్సమ్ వ్యాసంలో లేదు, షిర్రా వ్యాసంలో మూడో పేరాలో పడి ఉంది! ఇది నీ సమీక్షలో మొదటి వాక్యం కావాలి. నౌకని 1999లో అట్లాంటిక్ అడుగు నుంచి, దాదాపు 4,900 మీటర్ల లోతు నుంచి, పైకి తీశారని రెండు వ్యాసాల్లోనూ ఉంది, అది ఒకచోట చాలు.

అలాంటిదే స్లేటన్ వ్యవహారం. గ్లెన్ తర్వాతి యాత్ర ఆయనదే, కానీ 1962 మార్చిలో గుండె లయ సరిగా లేదని ఆయన్ని పక్కన పెట్టారు. ఆయనకి బ్యాకప్, అంటే ఆయన వెళ్ళలేకపోతే బదులు వెళ్ళడానికి సిద్ధంగా ఉండే మనిషి, షిర్రా. న్యాయంగా చూస్తే ఆ యాత్ర షిర్రాకి రావాలి, కానీ గ్లెన్‌కి బ్యాకప్‌గా ఎక్కువ కాలం శిక్షణ పొందాడని కార్పెంటర్‌కి ఇచ్చారు. స్లేటన్ వ్యాసంలో ఇదొక విషాదం, కార్పెంటర్ వ్యాసంలో ఒక అవకాశం, షిర్రా వ్యాసంలో అసలు ప్రస్తావనే లేదు. ఆయన నోటిదాకా వచ్చిన ముద్ద జారిపోయిన సంగతి లేకుండా సిగ్మా 7 కథ ఎలా మొదలవుతుంది? లేనిదాన్ని పట్టుకోవడం కష్టం, ఒప్పుకుంటాను. పక్కన ఇంకోటి పెట్టుకుంటేనే కనిపిస్తుంది.

అన్నట్టు, స్లేటన్ వ్యాసంలో "1962లో ఆయన నేలకూలాడు" అని ఉంది, చూశావా? ఇంగ్లీషులో గ్రౌండ్ చేశారని, అంటే ఎగరకుండా ఆపేశారని, ఉంటే ఎవరో అలా దింపేశారు. చదివినవాడు విమానం కూలిందనుకుంటాడు. పాపం ఆయన నిక్షేపంలా ఉన్నాడు, పదమూడేళ్ళు ఓపిక పట్టి 1975 జులైలో, 51 ఏళ్ళ వయసులో, అమెరికా-సోవియట్ ఉమ్మడి యాత్ర అపోలో-సోయుజ్‌లో వెళ్ళొచ్చాడు.

కార్పెంటర్ దగ్గర మాత్రం కాస్త ఆగాలి. 1962 మే 24న ఆయన నౌక అరోరా 7 దిగాల్సిన చోటు దాటి 250 మైళ్ళు అవతల దిగింది. జట్టు వ్యాసంలో "అజాగ్రత్త వల్ల" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. కార్పెంటర్ వ్యాసంలో "పరికరం చెడిపోవడం వల్ల" అని ఇంకో ముక్క. నువ్వు రెండింటికీ టిక్కు పెట్టావు! కాగితం తీసి కూడిక వేసుకో. నౌక వేగం తగ్గించి కిందికి దించే రాకెట్లు కాలే సమయానికి నౌక 25 డిగ్రీలు పక్కకి తిరిగి ఉంది, దానివల్ల 175 మైళ్ళు. రాకెట్లు మూడు సెకన్లు ఆలస్యంగా కాలాయి, దానికి 15. వాటి తోపుడు ఉండాల్సినంత లేదు, దానికి ఇంకో 60. మొత్తం 250. ఈ మూడు అంకెలూ వ్యాసంలో ఉంటే పాఠకుడు తనంతట తానే చూసుకుంటాడు, ఎంత యంత్రానిదో ఎంత మనిషిదో. పొరపాటు ఎక్కువగా నౌక తిరిగిన దిశలో ఉంది. ఆ దిశ చూపించాల్సిన పరికరం సరిగా పని చెయ్యలేదన్నది నిజం, ప్రయోగాలు చేస్తూ కిటికీలోంచి చూస్తూ ఆయన ఇంధనం ఎక్కువ వాడేశాడన్నదీ నిజం. ఫ్లైట్ డైరెక్టర్ క్రిస్ క్రాఫ్ట్‌కి ఆయన మీద పీకలదాకా కోపం వచ్చింది, ఆ తర్వాత కార్పెంటర్ మళ్ళీ అంతరిక్షంలోకి వెళ్ళలేదు. రెండు మాటలూ ఉండాలి, రెండు వ్యాసాల్లోనూ ఉండాలి. 

నేనేదో పుట్టుకతో జాగ్రత్తపరుణ్ణి అనుకోకు. పాతికేళ్ళ వయసులో ఒక వారపత్రికకి అంతరిక్షంలోకి వెళ్ళిన మొదటి మనిషి గగారిన్ మీద వ్యాసం రాస్తూ, ఆయన తన నౌక వోస్తోక్‌లో కూర్చునే నేల మీద దిగాడని రాశాను. నా దగ్గరున్న ఒక్క పుస్తకంలో అలాగే ఉంది. పది రోజులకి పోస్టుకార్డు వచ్చింది, ఎవరో రిటైరైన మాస్టారు, ముత్యాల్లాంటి అక్షరాలు. ఏడు కిలోమీటర్ల ఎత్తులో గగారిన్ నౌకలోంచి బయటికొచ్చి విడిగా పారాచూట్‌లో దిగాడని, నౌకలోనే దిగకపోతే రికార్డు లెక్కలోకి రాకుండా పోతుందేమోనని సోవియట్ వాళ్ళు ఆ సంగతి ఏళ్ళ తరబడి దాచారని రాశారు. చివర్లో "బాబూ, రెండో పుస్తకం కూడా చూడవలసింది" అని. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ కార్డు ఇప్పటికీ నా బీరువాలో ఉంది.

"మొదటి" అన్న మాట కనపడ్డ ప్రతిచోటా ఆగు. గ్లెన్ కక్ష్యలో తిరిగిన మొదటి అమెరికన్, అంతరిక్షంలోకి వెళ్ళిన మూడో అమెరికన్. ప్రపంచం లెక్కలో అంతరిక్షంలోకి ఐదో మనిషి, కక్ష్యలోకి మూడో మనిషి. ఈ నాలుగూ సరైనవే, నాలుగు వ్యాసాల్లో నాలుగు రకాలుగా ఉంటే పాఠకుడికి పిచ్చెక్కుతుంది. నౌకల పేర్ల చివర ఉన్న 7 కూడా అంతే. ఏడుగురు కాబట్టి 7 అని మూడు వ్యాసాల్లో ఉంది. షెపర్డ్ ఫ్రీడమ్ 7 అని పెట్టుకున్నది తన నౌక తయారీ వరుసలో ఏడోది కాబట్టి. మిగతావాళ్ళు ఆ 7ని ఏడుగురికీ గుర్తుగా తీసుకున్నారు.

ఎంపిక కథ, అదే 508 మంది రికార్డులు చూసి 110 మందిని తేల్చి, 69 మందిని వాషింగ్టన్‌కి పిలిచి, వైద్య పరీక్షలకి 32 మందిని పంపి, ఏడుగుర్ని 1959 ఏప్రిల్ 9న లోకానికి చూపించడం, ఎనిమిది వ్యాసాల్లోనూ అక్షరం పొల్లుపోకుండా ఉంది. జట్టు వ్యాసంలో పూర్తిగా ఉంచి మిగతాచోట రెండు వాక్యాలకి తగ్గించమని చెప్పు. ఒక వ్యాసంలో షిరా, ఇంకోదాంట్లో షిర్రా, జట్టు వ్యాసంలో స్కిర్రా. ఏదో ఒకటి ఎంచుకోమను. గ్రిస్సమ్ మరణం దగ్గర "విధి వెక్కిరించింది" అని ఎవరో రాశారు, అది తీయించు. 1967 జనవరి 27న అపోలో 1 మంటల్లో గ్రిస్సమ్‌తో సహా ముగ్గురు పోయారు, లోపలికి తెరుచుకునే తలుపు లోపలి ఒత్తిడికి తెరుచుకోలేదు. ఇంత చెప్పాక విధి గురించి చెప్పక్కర్లేదు.

ఇన్ని తప్పులు చూపించమంటున్నానని రాసినవాళ్ళ మీద పడిపోకు. జీతం లేని పని చేశారు, అదీ మన భాషలో. బాగున్నది ఎక్కడ బాగుందో కూడా అంతే వివరంగా చెప్పు. ఉదాహరణకి గ్లెన్ వ్యాసంలో సూర్యోదయం వేళ ఆయన కిటికీ బయట చూసిన మెరుపు రేణువులకి "మిణుగురులు" అని రాశారు, ఎంత బాగుందో! దాని పక్కనే ఒక వాక్యం చేర్చమని చెప్పు చాలు. మూడు నెలల తర్వాత కార్పెంటర్ లోపలి నుంచి గోడ మీద చేత్తో తడితే ఆ మిణుగురులు గుంపులుగా లేచాయి, నౌకకి పట్టిన మంచు పొడి అది. అది కూడా వేరే వ్యాసంలోనే ఉంది.

ఇది అయ్యాక మన నిజాం కాలేజీలో చదివిన రాకేశ్ శర్మ వ్యాసం కూడా ఇలాగే చూద్దాం. ఆయనతో పాటు 1984లో సోయుజ్ టి-11లో వెళ్ళిన ఇద్దరు సోవియట్ వ్యోమగాముల వ్యాసాలు పక్కన పెట్టుకుని. ముందు ఈ ఎనిమిదీ కానీ. ఒక పెద్ద కాగితం మీద ఏడు గళ్ళు గీసుకుని స్లేటన్‌తో మొదలుపెట్టు, ఆయన అందరి వ్యాసాల్లోనూ ఉంటాడు. ఆదివారానికి పంపగలిగితే ఆదివారమే చదువుతాను.

ఉంటాను.